ఓడెక్కి వచ్చే రొట్టె

ప్రయాణాలు చేసేవాళ్ళలో రెండు జాతులున్నాయి. చూడవలసినవన్నీ కాగితం మీద వరసగా రాసుకుని, ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పరుగెత్తేవాళ్ళు మొదటి జాతి. నీడ కనిపించిన చోటల్లా కూర్చుని, వచ్చే పోయే జనాన్ని చూస్తూ, "ఇది మాత్రం చూడటం కాదా?" అనేవాళ్ళు రెండో జాతి. భగవంతుడి చమత్కారమేమో గాని, ఈ రెండు జాతుల మధ్యే పెళ్ళిళ్ళు ఎక్కువగా కుదురుతూ వుంటాయి. నేను మొదటి జాతివాణ్ణి. మా ఆవిడ రెండోది.

మాల్టా దీవిలో మాకు ఇక ఒక్క రోజే మిగిలింది. నా కాగితంలో చూస్తే పద్నాలుగు పేర్లున్నాయి. పొద్దున్నే మా ఆవిడ ఆ కాగితం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని పై నుంచి కిందదాకా చదివి, నాలుగు మడతలు పెట్టి తన చేతిసంచిలో వేసుకుంది.

"ఏమండీ, ఇవాళ మనల్నెవరూ తరమటం లేదు. కాళ్ళు ఎటు పోతే అటు పోదాం. ఆకలేసినప్పుడు తిందాం" అన్నది.

ముప్ఫయ్యేళ్ళ పైబడిన కాపురంలో ఏ మాటకి ఎదురు చెప్పవచ్చో, ఏ మాటకి చెప్పకూడదో నాకూ కొంత తెలుసు లెండి. నోరు మూసుకుని చెప్పులు తొడుక్కున్నాను.

మాల్టా అంటే ఎక్కడో ఒక్కమాటలో చెబుతాను. మధ్యధరా సముద్రంలో, ఇటలీవారి సిసిలీ దీవికి దక్షిణంగా దాదాపు 90 కిలోమీటర్ల దూరాన వున్న దీవుల దేశం. మనుషులు కాపురముండే మాల్టా, గోజో, కొమీనో దీవులూ, వాటి చుట్టూ వున్న చిన్నాచితకా రాళ్ళూ అన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే. జనం మాత్రం అయిదు లక్షల పైచిలుకు. నది అన్నది ఒక్కటీ లేదు. తాగే నీళ్ళలో సగానికి పైగా సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసి తయారు చేసుకునేవే. పొలాలు రాళ్ళగోడల మధ్య చిన్న చిన్న చెక్కలు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో ముందు పని వుంది.

రాజధాని పేరు వలెట్టా. ఊరి ముఖద్వారం దగ్గర బస్సు దిగేసరికి ఎనిమిదిన్నరయింది. అక్కడికి కొంచెం ఇవతలే సందులో ఒక చిన్న కొట్టు. దానిలోంచి వస్తున్న వాసన మా ఇద్దరి జాతిభేదాన్నీ ఒక్క క్షణంలో తుడిచిపెట్టేసింది. ఆ తినుబండారాన్ని 'పస్తిజ్జి' అంటారు. పొరలు పొరలుగా విరిగిపోయే పైతొక్కు, లోపల ఒకదానిలో విరిగిన పాల ముద్ద, ఇంకొకదానిలో మెత్తగా ఉడికించిన బఠాణీ ముద్ద. మేం శాకాహారులం కనక, పిండి దేనితో కలిపారని అడిగాం. పూర్వం పందికొవ్వు వాడేవారట. ఈ కొట్లో వనస్పతి లాంటిదేనని చెప్పాక ధైర్యం చేశాం. పెనంలోంచి నేరుగా వచ్చినంత వేడిగా వుంది. మా ఆవిడ బఠాణీదాన్ని కొరికి, కళ్ళు మూసుకుని, కాసేపు ఆలోచించి, "మన కజ్జికాయకి పినతల్లి కూతురు. కాకపోతే కారం ఇంటికి కాపరానికి వెళ్ళింది" అని తీర్పు చెప్పింది. గాజుగ్లాసులో పాలు పోసిన చిక్కటి టీ ఇచ్చారు. ఆ గ్లాసు చూడగానే రాజమండ్రి రైల్వేస్టేషను గుర్తొచ్చింది నాకు.

కొట్టతను లోపలివాళ్ళతో మాట్లాడే భాష చెవికి అరబ్బీలా వినిపిస్తోంది. గోడ మీద బోర్డు చూస్తే ఇంగ్లీషు అక్షరాలు. అసలు సంగతి ఏమిటంటే, మాల్టీస్ భాష అరబ్బీ సంతతిదే. వెయ్యేళ్ళ కిందట అరబ్బులు ఏలినప్పుడు వచ్చి పాతుకుపోయింది. తర్వాత ఇటలీ మాటలు బోలెడు కలిశాయి, రాత రోమను లిపిలోకి మారింది. పుస్తకాన్ని 'క్తీబ్' అంటారు, లోకాన్ని 'దిన్యా' అంటారు. కితాబు, దునియా అనే మాటలు హైదరాబాదులో రోజూ వినే మనకి వాటిని చుట్టరికం కలపటానికి పండితుడు అక్కర్లేదు. రొట్టెని 'హొబ్జ్' అంటారు. ఆ రోజు మేం నేర్చుకున్న మాటలన్నిటిలోకీ చివరిదాకా మా వెంట వచ్చింది ఆ ఒక్క మాటే.

టీ తాగి ఊళ్ళోకి నడిచాం. వలెట్టా కోటలో కట్టిన ఊరు. 1565లో తురుష్క సైన్యం ఈ దీవిని నాలుగు నెలలపాటు ముట్టడించింది. సెయింట్ జాన్ సంఘానికి చెందిన క్రైస్తవ వీరులూ, ఊళ్ళవాళ్ళూ కలిసి నిలిచి కాచుకున్నారు. మరుసటి ఏడాదే, 1566లో, ఆ వీరుల నాయకుడు వలెట్ కొత్త నగరానికి పునాది వేశాడు. ఆయన పేరే ఊరికి పెట్టారు. ఇళ్ళన్నీ తేనెరంగు సున్నపురాయి. ప్రతి ఇంటికీ వీధిమీదికి చెక్కతో చేసిన అద్దాల వసారాలు, ఆకుపచ్చవీ, ఎర్రవీ, నీలివీ. వీధులు గళ్ళనోటుపుస్తకంలో గీసినంత తిన్నగా వుంటాయి. ఏ వీధి చివర చూసినా సముద్రం కనిపిస్తుంది.

నా కాగితంలోని మొదటి పేరు సెయింట్ జాన్ ప్రధానాలయం. అది మాత్రం మా ఆవిడే చూద్దామన్నది. బయట మొండిగోడ, లోపల బంగారం. నేలంతా రంగురంగుల చలవరాతి పలకలు. ఒక్కొక్క పలక కింద ఒక్కొక్క వీరుడి సమాధి, అలాంటివి నాలుగు వందల దాకా వున్నాయి. పక్కగదిలో కారవాజ్జో అనే ఇటలీ చిత్రకారుడు 1608లో వేసిన పెద్ద పటం వుంది. యోహాను అనే సాధువు శిరచ్ఛేదం అందులో విషయం. నేల మీద కారిన ఆ నెత్తురులోనే చిత్రకారుడు తన పేరు రాసుకున్నాడు. అతను సంతకం చేసిన పటం ఇదొక్కటేనట. మా ఆవిడ ఆ పటం ముందు చాలాసేపు నుంచుంది. బయటికి వచ్చాక, "ఆ మూల కిటికీ ఊచల వెనక ఇద్దరు ఖైదీలు తొంగి చూస్తున్నారు, గమనించారా?" అన్నది. నేను గమనించలేదు. కాగితం కొట్టేసుకునే జాతికి ఖైదీలు కనిపించరు.

అక్కణ్ణించి కాళ్ళు పోయినట్టు పోతే, ఒక వీధి మలుపులో పేరు చూసి ఆగాం. 'పాత రొట్టెల బట్టీ వీధి'. వీరుల కాలంలో ఇక్కడ రొట్టెలు కాల్చే పొయ్యిలుండేవి. ముచ్చటైన పేరే గదా అనుకున్నాను. కాని ఆ వీధి కథ అంత ముచ్చటైంది కాదు.

మాల్టావాళ్ళు తినే గోధుమలో ఎక్కువ భాగం ఈ దీవిలో పండేది కాదు. ఎప్పుడూ ఓడ మీద రావలసిందే. మొదటి ప్రపంచయుద్ధం ముగిసినా పిండి ధర దిగలేదు. నౌకాశ్రయంలో పనులు పోయాయి, కూలివాడి ఇంట్లో రొట్టె సగానికి సగమైంది. వ్యాపారులూ, పిండిమరల వాళ్ళూ లాభాలు చేసుకుంటున్నారని జనం గొంతెత్తారు. అప్పుడు దొరతనం ఇంగ్లీషువాళ్ళది. స్వపరిపాలన కావాలని నాయకులు సభ చేస్తున్న రోజునే, 1919 జూన్ 7న, జనం వీధుల్లోకొచ్చి ధాన్యం వ్యాపారుల ఇళ్ళ మీద పడ్డారు. ఈ వీధిలోనే సైనికులు తుపాకులు పేల్చారు. ఆ అల్లర్లలో నలుగురు మాల్టీయులు పోయారు. 1921లో కొంత స్వపరిపాలన వచ్చింది. జూన్ 7 ఇప్పటికీ ఆ దేశానికి జాతీయదినం.

1919 అనగానే మా ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆ ఏడాది ఏప్రిల్ 13 ఏమిటో మనకొకరు చెప్పాలా? జలియన్‌వాలాబాగు. అవే తుపాకులు, అదే దొరతనం. రెండు నెలల తేడా. మేమిద్దరం కాసేపు మాట్లాడకుండా నడిచాం.

పన్నెండు కావస్తుండగా ఎగువ బరాక్కా తోటకి చేరాం. కోటగోడ కొసన పూలమొక్కలు, రాతి కమానులు. కింద నౌకాశ్రయం నీలంగా పరుచుకుని వుంటుంది. రోజూ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ ఫిరంగి పేలుస్తారు. పూర్వం ఓడల కెప్టెన్లు ఆ మోతకి తమ గడియారాలు సరిదిద్దుకునేవారు. పాతకాలపు సైనిక దుస్తుల్లో వున్న మనిషి చెయ్యెత్తటం, ధనామని పేలటం, పావురాలన్నీ ఒక్కసారి లేవటం జరిగాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. మా ఆవిడ మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఈ నౌకాశ్రయం మీద ఒకప్పుడు ఆటకి కాక నిజంగా పేలాయి. రెండో ప్రపంచయుద్ధంలో 1940 జూన్ 11న మొదలైంది బాంబుల వర్షం. ఉత్తర ఆఫ్రికాకి పోయే ఇటలీ, జర్మనీ ఓడలకి ఈ ఇంగ్లీషు స్థావరం గొంతులో ముల్లులాగా వుండేది. అందుకని దీన్ని బాంబులతో కొట్టారు. బాంబులకి లొంగకపోతే ఆకలికి లొంగుతుందని, వచ్చే ఓడలని ముంచారు. పొలాల చెక్కలు ఎందరి కడుపు నింపగలవు? రొట్టెకి రేషను పెట్టారు, పిండిలో బంగాళాదుంప కలిపారు. జనం తమ చీట్లు ఇచ్చేసి, ప్రభుత్వం పెట్టిన 'విజయ వంటశాలల' ముందు గిన్నెలు పట్టుకుని నుంచున్నారు. గిడ్డంగుల్లోని పిండి ఏ తారీఖుకి అయిపోతుందో అధికారులు లెక్క కట్టి పెట్టుకున్నారు. ఆ తారీఖు దాటితే లొంగిపోవటమే.

1942 జూన్‌లో పడమటి నుంచి ఆరు సరుకు ఓడలు బయలుదేరితే రెండు చేరాయి. ఆగస్టులో పద్నాలుగు బయలుదేరాయి. తొమ్మిది మునిగాయి, అయిదు చేరాయి. ఆ అయిదింటిలో ఆఖరిది 'ఒహాయో' అనే చమురు ఓడ. బాంబులు తగిలి, యంత్రం ఆగిపోయి, మునగటానికి సిద్ధంగా వున్నదాన్ని రెండు పక్కలా యుద్ధనౌకలు కట్టి, చంకల కింద చేతులేసి రోగిని నడిపించినట్టు తీసుకొచ్చారు. ఆగస్టు 15న, మరియమాత పండగనాడు అది రేవులోకి వచ్చింది. ఈ కోటగోడల మీద నిలబడి ఊరు ఊరంతా చూసింది.

అక్కడ నుంచుంటే నాకు మా నాయనమ్మ జ్ఞాపకమొచ్చింది. ఆ 1942లోనే, ఏప్రిల్ 6న, జపాను విమానాలు మన విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా నాయనమ్మది కాకినాడ. మూటాముల్లె కట్టుకుని బండెక్కి మెట్ట ఊళ్ళకి పోయిన సంగతి చచ్చిపోయేదాకా చెబుతూ వుండేది. సరిగ్గా మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 9న, ఈ దీవిలో మోస్టా అనే ఊళ్ళో, మూడు వందల మంది దాకా ప్రార్థనకి చేరిన గుడి గుమ్మటాన్ని చీల్చుకుని ఒక బాంబు లోపల పడింది. పడి, పేలలేదు! లోకం ఆ చివరా ఈ చివరా ఒకే వారంలో జనం ఒకే ఆకాశాన్ని చూసి భయపడ్డారన్నమాట. బర్మా జపాను చేతికి పోయాక రంగూను బియ్యం మన రేవులకి రావటం మానేసింది. అందుకే కాబోలు, మా నాయనమ్మ చేటలో నూక గింజ కూడా పారెయ్యనిచ్చేది కాదు.

ఇంతలో ఆకలేసింది. మా ఆవిడ సిద్ధాంతం ప్రకారం అప్పుడు తినాలి.

పక్కసందులో నాలుగు బల్లలున్న చిన్న హోటలు. యజమానురాలికి యాభై ఏళ్ళుంటాయి, వండేదీ వడ్డించేదీ ఆవిడే. 'హొబ్జ్ బిజ్జెయిత్' తినమన్నది. అంటే నూనెతో రొట్టె. పేరు సాదా, తిండి రాజభోగం. మాల్టా రొట్టె పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా గూళ్ళు గూళ్ళుగా వుంటుంది. నిన్నటి పిండిలో కొంత అట్టే పెట్టి ఇవాళ్టి పిండికి కలిపి పులియబెడతారు. మనం పెరుగు తోడు పెట్టుకున్నట్టే. ఆ రొట్టె కోసి, టొమాటో గుజ్జు పట్టించి, ఆలివ్ నూనె ధారగా పోసి, ఆలివ్ కాయలూ, ఉప్పులో ఊరవేసిన కేపరు మొగ్గలూ, ఉల్లిపాయా వేస్తారు. చేప కూడా వేస్తారు గాని మా మాట విని మానేసింది. ఇలాంటి పలచటి రొట్టెని 'ఫ్తీరా' అంటారు, దాని తయారీ కళని 2020లో యునెస్కో వారసత్వాల జాబితాలో చేర్చారు. పక్కన 'బిగిల్లా' అని, పెద్దచిక్కుడు గింజలు ఉడికించి వెల్లుల్లి వేసి నూరిన ముద్ద. దానికి మా ఆవిడ నూటికి తొంభై మార్కులేసింది. ఇంకొంచెం పచ్చిమిరపకాయ పడితే నూరు. నేను 'కిన్నీ' అనే వాళ్ళ సొంత పానీయం తెప్పించుకున్నాను. చేదునారింజతో చేస్తారు, 1952 నుంచీ వుంది. మొదటి గుక్క కరక్కాయ కషాయం, రెండో గుక్క ఫరవాలేదు, మూడో గుక్కకి ఇంకో సీసా అడిగాను.

తినగలిగినంత తిన్నాం. పళ్ళెంలో పెద్ద రొట్టెముక్క మిగిలిపోయింది. ఆవిడ వచ్చి, "కట్టివ్వమంటారా?" అని అడిగింది. నేను చేత్తో విసిరినట్టు, "అక్కర్లేదు, పారెయ్యండి" అన్నాను. ఆ విసురుకి అంచున వున్న ఒక ముక్క కింద పడింది.

ఆవిడ ఏమీ అనలేదు. వంగి ముక్క తీసింది. పెదవులకి ఆనించి ముద్దు పెట్టుకుని, పక్కన పెట్టింది. అది మాకు చూపించాలని చేసింది కాదు, చెయ్యికి అలవాటైన పని. నా మొహం చూసి తనే నవ్వి, "మా అమ్మమ్మ నేర్పింది. ముట్టడి రోజుల్లో చిన్నపిల్ల ఆవిడ" అన్నది.

చిన్నప్పుడు నా కాలికి అన్నం మెతుకు తగిలితే మా నాయనమ్మ తీయించి కళ్ళకద్దించేది. "అన్నం పరబ్రహ్మం రా" అనేది. అరవయ్యేళ్ళ తర్వాత, ఎక్కడో సముద్రం మధ్య దీవిలో, మా నాయనమ్మే నా ముందు నుంచున్నట్టయింది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. మా ఆవిడ నన్నేమీ అనకుండా, "కట్టివ్వమ్మా" అని ఆవిడతో అన్నది. ఆవిడ కాగితంలో చుట్టి, పైన నాలుగు ఆలివ్ కాయలు కూడా పెట్టి ఇచ్చింది. వాటికి డబ్బు పుచ్చుకోలేదు.

మధ్యాహ్నం తోట పక్కన వున్న లిఫ్టులో కోటగోడ దిగి, రేవులో 'డైసా' అనే చిన్న పడవ ఎక్కాం. రెండు కొసలూ పైకి లేచి, రంగులు పూసుకుని పెళ్ళిపల్లకీలా వుంటుంది. అవతలి ఒడ్డున బిర్గు అనే పాత ఊరు. వీరులు 1530లో దీవికి వచ్చినప్పుడు మొదట కాపురం పెట్టింది అక్కడే. ఆ ఊరికింద, రాతిలో పలుగులతో తవ్విన బాంబుల కాలపు దాగుడు గదులు ఇప్పటికీ వున్నాయి. ఇరుకు నడవ, రెండు వేపులా అరల్లాంటి గదులు, ప్రసవాలకి విడిగా ఒక గది. పైన బాంబులు పడుతుంటే ఇక్కడ పిల్లలు పుట్టారు. మా ఆవిడ ఆ గది గడప దగ్గర ఒక నిమిషం నుంచుని, చెమ్మగా వున్న గోడని చేత్తో తాకి వచ్చింది.

పైకొచ్చేసరికి ఎండ తగ్గింది. ఒడ్డున రాతిబల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా వలెట్టా కోటగోడలు సంజెరంగులో మాగిన మామిడిపండులా వున్నాయి. దూరాన ఒక సరుకుల ఓడ నిదానంగా లోపలికి వస్తోంది. ఎవరూ దాన్ని చూడటం లేదు. ఓడ రావటం ఎవరూ చూడనంత మామూలు సంగతి కావటమే, ఆ గోడల మీద ఒకప్పుడు ఆశగా నిలబడిన జనం కోరుకున్నది కాబోలు.

"ఆకలేస్తోందా?" అన్నది మా ఆవిడ. సంచిలోంచి రొట్టె పొట్లం తీసింది. కట్టిన కాగితం నూనెకి చిరిగిపోయింది. పెట్టుకోవటానికి ఏదీ లేదు. సంచిలో వెతికి, నాలుగు మడతల కాగితం ఒకటి తీసి, విప్పి, బల్ల మీద పరిచింది.

నా పద్నాలుగు పేర్లు! వాటిలో మూడో నాలుగో చూశాం, అంతే. ఆ పేర్ల మీద రొట్టె పెట్టుకుని, విరుచుకుని, తీరిగ్గా తిన్నాం. చివరికి కాగితం దోనెలా మడిచి, రాలిన పలుకులన్నీ ఒక మూలకి చేర్చి, అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకున్నాను.

మా ఆవిడ చూసి నవ్వింది గాని, ఏమీ అనలేదు.